కుంకుమపువ్వు మన ఇంటి మందు కాదు

పెద్దనాయన పోయిన నెల ఇక్కడ రాసిన ‘మన ఇంటి మందులు’ రెండుసార్లు చదివినాను. సొంటి కషాయం, వాము నీళ్ళు, మిరియాల పాలు, బాలింతకు పెట్టే కారం పొడి, పసిబిడ్డకు అరగదీసి నాకించే వస, అన్నిటికీ కొలతలతో సహా రాసిపెట్టినారు. కైవారం తాతయ్య తత్వాలు మనింట్లో ఎవరు ఎట్లా పాడేవాళ్ళో రాసింది కూడా ఆయనే. ఆయన రాయకుంటే మా తరానికి ఇవేవీ మిగిలేవి కావు. ఆ గౌరవం పెట్టుకునే ఇది రాస్తున్నా.

ఆ జాబితాలో ఆరో మందు దగ్గర నాకు తగాదా ఉంది. కడుపుతో ఉన్న ఆడబిడ్డకు అయిదో నెల నుంచి రాత్రిపూట పాలల్లో కుంకుమపువ్వు వేసి ఇస్తే బిడ్డ ఎర్రగా, ఆరోగ్యంగా పుడుతుందని రాసినారు. ఇప్పుడు అదే క్యాప్సూల్ రూపంలో కూడా దొరుకుతోందని, ప్రకృతి సహజమైంది కాబట్టి ఎవరు వాడినా హాని లేదని ఇంకో మాట. కింద మనవాళ్ళు పదిమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టినారు. నేను పెట్టలేదు. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిక పట్టి చదవండి.

మొదట మనింట్లోనే జరిగింది చెప్తా. చింతామణిలో ఉండే చిన్నాయన కోడలు సంగతి. ఆమెను అడిగి, సరేనన్నాకనే రాస్తున్నా. ఆమెకు అయిదో నెలలో ఎవరో ఫోన్‌లో చూపించిన ప్రకటన చూసి కేసరి క్యాప్సూళ్ళు తెప్పించినారు. రోజుకు రెండు. దానికి తోడు రాత్రి గ్లాసు పాలల్లో కుంకుమపువ్వు. ఇంతవరకూ పోనీలే అనుకోవచ్చు. కానీ ఆశా అమ్మాయి ఇంటికి తెచ్చిచ్చిన ఎర్ర మాత్రలు, అవే ఇనుము మాత్రలు, ఆమె వేసుకోవడం మానేసింది. ఎందుకని అడిగితే, అవి వేసుకుంటే మలం నల్లగా వస్తుంది కదా, బిడ్డ కూడా నల్లగా పుడుతుందని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారంట. ఒక పక్క ఎర్రగా పుట్టడానికి ఒకటి మింగుతా, ఇంకో పక్క నల్లగా పుడతాడని ఇంకొకటి పారేస్తా వచ్చింది. ఏడో నెలలో తాయి కార్డులో రాసిన హిమోగ్లోబిన్ 7.6. పదకొండు ఉండాల్సింది. నడిస్తే ఆయాసం, కళ్ళు తిరగడం. చివరికి ఆస్పత్రిలో నరానికి ఇనుము ఎక్కించి, వారం వారం తిప్పించుకొని, ఎట్లో కాన్పు గట్టెక్కింది. తల్లీబిడ్డా బాగున్నారు. కానీ ఆ రెండు నెలలు చిన్నమ్మ కళ్ళల్లో నేను చూసిన భయం ఈ జాబితాలో ఎక్కడా లేదు.

కుంకుమపువ్వు ఆమె రక్తం తాగేసిందని నేను అనడంలేదు. దాన్ని నమ్మినందుకు అసలు మందు పక్కకు పోయింది. ఇనుము మాత్ర బిడ్డ రంగు మార్చదు. పేగులో కలిసిపోకుండా మిగిలిన ఇనుమే మలాన్ని నల్లగా చేస్తుంది, అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళలో 52.2 శాతం మందికి రక్తహీనత. ఇద్దరిలో ఒకరికంటే ఎక్కువ. మనింట్లో ఇద్దరు కోడళ్ళు ఒకేసారి కడుపుతో ఉంటే, లెక్క ప్రకారం ఒకరికి ఉన్నట్టే. ఇట్లాంటి చోట సీమంతానికి ఎవరైనా కుంకుమపువ్వు డబ్బీ తెస్తే అబ్బా అంటాం. మాత్రలు వేసుకుంటున్నావా అని మాత్రం ఒక్కరూ అడగరు.

ఇంక పారంపర్యం సంగతి. ఈ పుటలు పెట్టుకున్నదే మన పాతవాటిని నిజాయితీగా రాసిపెట్టుకోవడానికి కదా. కుంకుమపువ్వు మన పాత మందా? తాత బాగేపల్లిలో పెట్టిన చిల్లరంగడి లెక్కల పుస్తకం ఫోటోలు మనమే ఇక్కడ పెట్టినాము. 1962 నుంచి 1971 దాకా ఉన్న ఆ పుటలు మొన్న మళ్ళీ ఒక్కొక్కటే పెద్దవి చేసుకొని చదివినాను. సొంటి, వాము, మిరియాలు, పిప్పళ్ళు, ఇంగువ, కరక్కాయ, వస, సాంబ్రాణి, నువ్వులు, బెల్లం ఉన్నాయి. అప్పుపెట్టినవాళ్ళ పేర్ల పక్కన కాసుల లెక్కలతో సహా ఉన్నాయి. కుంకుమపువ్వు ఒక్కచోట కూడా లేదు. ఎందుకుంటుంది? ఈ సీమలో రాగులు, శెనక్కాయలు, ఉలవలు పండించుకొని, వాన రాని ఏడాది ఆ రాగులకే అప్పు చేసిన ఇళ్ళు మనవి. కాశ్మీరు నుంచి వచ్చే సరుకు రాజుల వంటింటిది, పెద్ద దేవళాలది. మన అవ్వ ఏడు కాన్పులు అయింది సొంటి మీద, రాగి సంగటి మీద, ఉలవకట్టు మీద.

మనింట్లోకి అది ఎప్పుడు వచ్చిందో నాకు తెలుసు. అమ్మనే అడిగినా. నేను కడుపులో ఉన్నప్పుడు, జమ్మూలో మిలిటరీలో ఉన్న మామ సెలవుకు వస్తా చిన్న డబ్బీ ఒకటి తెచ్చినాడంట. అంతకు ముందు మనింట్లో ఎవరూ దాన్ని కంటితో చూడలేదు. అంటే మన ఇంటి ‘పూర్వీకుల మందు’ వయసూ నా వయసూ ఒకటే. నాకింకా నలభై నిండలేదు.

అమ్మ ఆ డబ్బీ మొత్తం తాగింది. అక్క పుట్టేటప్పుడు మాత్రం చుక్క కూడా తాగలేదు. అక్క తెల్లగా పుట్టింది, నేను నల్లగా పుట్టినా. ఇది చెప్తే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతా. ఇద్దరు పిల్లలతో ఏదీ రుజువు కాదు, అటూ కాదు ఇటూ కాదు. కానీ తెల్లగా పుట్టిన బిడ్డను చూపించి ‘చూడు, కుంకుమపువ్వు మహిమ’ అనేవాళ్ళు, నల్లగా పుట్టిన నన్ను ఎందుకు లెక్కలోకి తీసుకోరు? నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. పాసయిన కేసులు మాత్రమే రాసి, ఫెయిలయినవి దాచిపెడితే ఆ రిపోర్టును మా ఆఫీసులో ఎవరూ తీసుకోరు. ఇంట్లో మాత్రం అదే రిపోర్టును తరం తరం దాటించేస్తాం.

ఒంటి రంగు మెలనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. అది ఎంత తయారు కావాలో అమ్మ వైపు, నాయన వైపు నుంచి వచ్చిన జన్యువులు నిర్ణయిస్తాయి, అదీ గర్భం నిలిచిన రోజునే. ఇది నేను కన్నడ మీడియంలో పదో తరగతి విజ్ఞాన పాఠంలో చదువుకున్నదే, పెద్ద రహస్యమేమీ కాదు. అయిదో నెలలో తల్లి కడుపులోకి పోయిన ఎర్రటి దారం అరిగి, రక్తంలో కలిసి, మాయ దాటి, బిడ్డ చర్మానికి రంగు వేసే దారి ఏదీ లేదు. అట్లయితే క్యారెట్ తిన్నవాళ్ళకు పసుప్పచ్చ పిల్లలు, బీట్‌రూట్ తిన్నవాళ్ళకు గులాబీ పిల్లలు పుట్టాలి.

‘శాస్త్రాల్లో ఉంది కదా’ అని పెద్దనాయన అంటారని తెలుసు. ఉంది. ఆయుర్వేద గ్రంథాల్లో కుంకుమ అనే పేరుతో ఉంది. అష్టాంగహృదయంలో కుంకుమాది తైలం ఉంది. అది ముఖానికి పైన పూసుకొనేది. బిడ్డ రంగు మార్చేది కాదు. కాశ్మీరులో ఈ పంట ఉన్నట్టు కల్హణుడు రాజతరంగిణిలో రాసినాడు. కాబట్టి పాతది అనడంలో అబద్ధం లేదు. కాశ్మీరులో పాతది, బాగేపల్లిలో కాదు.

ఈ పువ్వు గురించి కొంచెం చెప్పుకుందాం, చెప్పుకోదగిందే. పూల సంగతి మనకు తెలియనిదా? చిక్కబళ్ళాపురం చుట్టూ చామంతి, గులాబీ, కనకాంబరం తోటలు మన కళ్ళ ముందరే ఉన్నాయి. తెల్లవారుజామున మార్కెట్లో కుప్పలు పోసి కిలోల లెక్కన అమ్ముతారు. కుంకుమపువ్వు అట్లా కాదు. ఊదారంగు పువ్వు ఒక్కోదాంట్లో మూడే ఎర్ర కేసరాలు, వాటిని మాత్రమే చేత్తో తుంచి ఆరబెట్టాలి. ఒక్క గ్రాముకు దాదాపు 150 పువ్వులు కావాలి. మొక్కకు విత్తనం కట్టదు, దుంపలు నాటితేనే వస్తుంది. మన దేశంలో శ్రీనగర్ దగ్గరి పాంపోర్ దీనికి పేరు, కాశ్మీరు కుంకుమపువ్వుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రపంచంలో పండేదాంట్లో మాత్రం పదింట తొమ్మిది వంతులు ఇరాన్‌దే. రంగునిచ్చేది క్రోసిన్, చేదు పిక్రోక్రోసిన్‌ది, వాసన సఫ్రనాల్‌ది.

అంత శ్రమ ఉంది కాబట్టే అంత ధర. ధర ఉన్నచోట కల్తీ ఉంటుంది. 15వ శతాబ్దంలో జర్మనీలోని నురెంబర్గ్ పట్టణంలో కుంకుమపువ్వు కల్తీ చేసినవాళ్ళను బతికుండగానే కాల్చినారంటే అప్పటికే ఎంత పెద్ద దందానో చూడండి. ఇప్పుడు రంగు వేసిన మొక్కజొన్న పీచు, రంగు వేసిన కాగితం దారాలు కలుపుతారు. అన్నిటికంటే ఎక్కువగా కుసుమ పూరేకులు. కుసుమ నూనె తెలుసు కదా, ఆ మొక్కే. కుసుమ, కుంకుమ, పేర్లు కూడా అన్నదమ్ముల్లాగా ఉన్నాయి, అమ్మేవాడికి ఇంకా సులువు. పైగా మన వైపు దాన్ని కేసరి అనే అంటారు. కేసరి అంటే మనకు ముందు గుర్తొచ్చేది హోటల్లో ఉప్మా పక్కన పెట్టే కేసరీబాత్. అందులో కేసరి ఎంతుంది? పేరులో ఉంది, గిన్నెలో పొట్లం రంగు ఉంది. ఆ రంగు తిండిలో పది లక్షల్లో వంద వంతులకు మించరాదని చట్టం. కలిపేవాడి చేతికి ఆ కొలత తెలుసా అంటే, మీరే చెప్పండి.

ఇంట్లో చేసే చిన్న పరీక్ష ఒకటి. గోరువెచ్చని నీళ్ళల్లో రెండు దారాలు వేయండి. అసలుదైతే మెల్లగా, పది పదిహేను నిమిషాలకు నీళ్ళు బంగారు పసుపు అవుతాయి, దారం మాత్రం ఎర్రగానే ఉంటుంది. వేసీ వేయగానే నీళ్ళు ఎర్రబడి దారం తెల్లబోతే అది రంగు. ఈ పరీక్ష దారానికే పనికొస్తుంది. క్యాప్సూల్‌లో ఉన్న పొడికి పనికిరాదు. నా కోపం ముఖ్యంగా ఆ క్యాప్సూల్ మీదే.

చిన్నాయన ఇంట్లో ఆ డబ్బా నేను చేత్తో పట్టుకొని చూసినా. పేరు రాయను, ఇట్లాంటివి పది ఉన్నాయి, ఒకదాన్ని తిడితే మిగతావి మంచివనుకుంటారు. పైన ‘శుద్ధ కుంకుమపువ్వు 500 మిల్లీగ్రాములు’. లోపల 60 క్యాప్సూళ్ళు. ధర ఎనిమిది వందల లోపు. లెక్క వేద్దాం. అరవై అరగ్రాములు అంటే 30 గ్రాములు. 30 గ్రాములకు నాలుగున్నర వేల పువ్వులు. మన అంగళ్ళలో ఒక్క గ్రాము మూడు వందలకు తక్కువ దొరకదు, అంటే సరుకు విలువే తొమ్మిది వేలు. తొమ్మిది వేల సరుకును ఎనిమిది వందలకు, డబ్బా కట్టి, ఇంటిదాకా పంపి, ప్రకటనలకు ఖర్చుపెట్టి, పైన లాభం కూడా చూసుకొని అమ్ముతున్నాడు. ఆ ధర్మాత్ముడు ఎవరో నాకు తెలియదు కానీ, ఆ డబ్బాలో రాసింది రాసినట్టు లేదని చెప్పడానికి ల్యాబ్ అవసరం లేదు, ఒకటో ఎక్కం వస్తే చాలు.

లేదూ, రాసింది నిజమే అనుకుందాం. అప్పుడు ఇంకో ప్రమాదం. రోజుకు రెండు అంటే ఒక గ్రాము. పరిశోధనల్లో వాడింది ఎంత? టెహ్రాన్ వైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు 2004లో, 2005లో మనసు కుంగుబాటు ఉన్నవాళ్ళకు ఇచ్చి చూసింది రోజుకు 30 మిల్లీగ్రాములు. ఒక గ్రాము దానికి 33 రెట్లు. డబ్బా మీద రాసింది అబద్ధమైతే లోపల ఏముందో తెలియని పొడి, నిజమైతే ఎవరూ కడుపుతో ఉన్నవాళ్ళ మీద పరీక్షించని మోతాదు. ఎటు తిరిగినా మన కోడలు మింగదగింది కాదు.

ఆ పరిశోధనల సంగతి కూడా దాచను. ఈ పువ్వులో మందు గుణమే లేదంటే అదీ అబద్ధమే. 2004 నాటి పరీక్షలో 30 మంది, ఆరు వారాలు, కుంకుమపువ్వు ఒక పక్క, ఇమిప్రమిన్ అనే పాత మందు ఇంకో పక్క. తేలికపాటి, ఒక మాదిరి కుంగుబాటులో రెండూ దాదాపు సమానంగా పనిచేసినట్టు కనిపించింది. మరుసటి ఏడాది 40 మందితో ఫ్లుయోక్సెటిన్ పక్కన పెట్టి చూసినారు, అట్లనే కనిపించింది. 2010లో ఇటలీలో చూపు మధ్యభాగం దెబ్బతినే జబ్బు ఉన్న 25 మందికి రోజుకు 20 మిల్లీగ్రాములు మూడు నెలలు ఇచ్చినారు, కంటి పరీక్షలో కొంచెం మెరుగు. అదే ఏడాది మతిమరుపు జబ్బు ఉన్న 46 మందితో 16 వారాలు, అక్కడా కొంచెం మేలు. ఇవన్నీ ఆసక్తిగలవే. కానీ మనుషుల సంఖ్య చూడండి: 30, 40, 25, 46. మన ఇంటి పెళ్ళిలో ఒక పంక్తికి కూర్చునేంత మంది. వారాలు చూడండి, ఆరు, పదహారు. వీటిని బట్టి ‘ఇంకా పెద్దగా, ఇంకా ఎక్కువ కాలం చూడాలి’ అని చెప్పొచ్చు. ‘రోజూ మింగండి’ అని చెప్పలేము. కడుపులో బిడ్డ రంగు గురించి అయితే వీటిల్లో ఒక్క అక్షరం లేదు.

అవ్వ చేత్తో చిటికెడు ఎంత? గ్రాముకు 150 పువ్వులు, పువ్వుకు మూడు దారాలు, అంటే 450 దారాలు. ఒక్కో దారం రెండు మిల్లీగ్రాములు చిల్లర. పాలల్లో వేసే నాలుగైదు దారాలు పది మిల్లీగ్రాములు. దాంతో హానీ లేదు, మందూ కాదు, వాసన, రంగు, నోటికి రుచి. పాయసంలో వేసుకోండి, పాలల్లో వేసుకోండి, నాకేమీ అడ్డం లేదు. నేను కూడా వేసుకుంటా. వంటింట్లో ఉన్నంతసేపు అది మంచి దినుసు. డబ్బాలోకి ఎక్కి, మోతాదు యాభై రెట్లు వందరెట్లు పెరిగి, ‘సహజం’ అని ముద్ర వేసుకున్నప్పుడే అది వేరే వస్తువు అవుతుంది.

సహజం అంటే హాని లేదనే మాట మన ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు అనకూడదు. గన్నేరు సహజం, ఉమ్మెత్త సహజం. మేక కూడా వాసన చూసి పక్కకు పోతుంది. బాగేపల్లి బోరు నీళ్ళల్లో పళ్ళు గారపట్టించే ఫ్లోరైడ్ కూడా భూమిలోంచి సహజంగా వచ్చిందే. కుంకుమపువ్వు విషయంలో రోజుకు గ్రామున్నర దాకా మామూలు మనిషి తట్టుకుంటాడంటారు, అయిదు గ్రాములు దాటితే విషలక్షణాలు. ఎక్కువ మోతాదు గర్భసంచిని కదిలిస్తుంది. గర్భం పోగొట్టడానికి పాతకాలంలో దీన్ని పెద్ద మోతాదులో వాడిన చరిత్ర ఉంది, తల్లి ప్రాణానికే ముప్పు తెచ్చేంత మోతాదులో. బిడ్డ కోసం అని ఇస్తున్న వస్తువుకు ఎక్కువైతే ఉన్న గుణం ఇది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు రోజుకు 400 మిల్లీగ్రాములు ఏడు రోజులు ఇచ్చి చూస్తే బీపీ తగ్గింది, రక్తపరీక్షలో కొన్ని లెక్కలు కొద్దిగా మారినాయి. ఏమీ కాలేదు, ఆరోగ్యవంతులు కాబట్టి. అప్పటికే బీపీ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా వేసుకొనే మాత్ర, మనసు జబ్బుకు మాత్ర వాడేవాళ్ళు దాని మీద ఇది కూడా మింగితే రెండూ ఒకే వైపు లాగుతాయి. ఆపరేషన్ ముందు అయితే ఇంకా జాగ్రత్త.

ఆ డబ్బాను తిప్పి చూడండి, వెనక సన్నని అక్షరాలతో ఉంటుంది: వైద్య ఉపయోగానికి కాదు. ఇది వాళ్ళు వినయంతో రాసింది కాదు, ఆహార భద్రత సంస్థ నియమం. పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉందంటే అది తిండి కింద అమ్ముతున్నది, మందు కింద కాదు. మందైతే అమ్మకముందే పనిచేస్తుందని చూపించాలి. దీనికి ఆ బాధ లేదు. ముందు వైపు పెద్ద అక్షరాల్లో బిడ్డ బొమ్మ, వెనక సన్న అక్షరాల్లో మందు కాదని. ఫోన్‌లో మాట్లాడేవాడు ముందు వైపే చదువుతాడు. చర్మం తెల్లబరుస్తామనే ప్రకటనలను కూడా నిషేధిత జాబితాలో చేర్చాలని 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టానికి 2020లో కేంద్రం ఒక సవరణ ముసాయిదా పెట్టింది. అదే ఏడాది ముఖానికి పూసుకొనే పేరుమోసిన క్రీము తన పేరులోంచి ‘ఫెయిర్’ అనే మాటే తీసేసింది. కంపెనీలకే సిగ్గు వేసింది. మన సీమంతాలకు ఇంకా వేయలేదు.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన మాట. ‘తాగితే పోయేదేముంది, ఎర్రగా పుడితే మంచిదే కదా’ అంటారు. పోయేది ఉంది. తెలుగులో తెల్లగా ఉన్నవాళ్ళను ఎర్రగా ఉన్నారంటాం, అంటే మన భాషలోనే రంగుకు ఒక మర్యాద పేరు పెట్టుకున్నాం. నల్లగా ఉన్నవాళ్ళకు అట్లాంటి పేరు పెట్టలేదు. నా చిన్నప్పుడు చుట్టాలు వస్తే అక్కను పిలిచి ముద్దు చేసి, నన్ను చూసి ‘ఇది అవ్వ పోలిక’ అనేవాళ్ళు. అది పొగడ్త కాదని నాకు ఆరేళ్ళకే తెలుసు. అమ్మ పక్కనుంచి ‘కుంకుమపువ్వు తాగినా, ఏం చేస్తాం’ అనేది, ఏదో తన తప్పు అయినట్టు. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తాగినా నల్లగా పుట్టిన బిడ్డ అంటే మందుకు కూడా లొంగని బిడ్డ అన్నమాట.

అవ్వ పోలిక అన్నారు కదా. తాత పోయినాక అంగడి నడిపి, చిత్రావతి ఎండిపోయిన ఏళ్ళల్లో కూడా ముగ్గురు ఆడపిల్లల్ని బడికి పంపింది ఆ నల్లటి అవ్వే. ఈ పుటల్లో ఆమె ఫోటో కింద ‘మన ఇంటి వెలుగు’ అని రాసినాం. మళ్ళీ మందుల జాబితాలో, ఆమెలాంటి బిడ్డ పుట్టకుండా ఉండేందుకు ఉపాయం రాసినాం. ఈ రెండూ ఒకే చోట ఎట్లా ఉంటాయి? రేపు నా బిడ్డ ఈ పుటలు చదివితే ఏది నమ్మాలి?

కాబట్టి నేను అడిగేది కొంచెమే. ఆరో మందును జాబితాలోంచి తీసేయండి. పాయసం పుటలోకి మార్చండి, అక్కడ దానికి చోటుంది. దాని చోట్లో మనది మనం రాద్దాం. రాగి సంగటి, నువ్వులు బెల్లం, శెనక్కాయ చిక్కీ, మునగాకు పప్పు, ఉలవకట్టు. పక్కనే ఇనుము మాత్ర సంగతి కూడా రాద్దాం, అది పాతది కాకపోయినా సరే. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు, కాన్పు అయినాక ఇంకో 180 రోజులు. సర్కారీ ఆస్పత్రిలో డబ్బులు లేకుండా ఇస్తారు. పాలతో, కాఫీ టీలతో వేసుకోకూడదు, ఇనుము ఒంటికి పట్టదు. కుంకుమపువ్వు పాలతో కలిపి మింగితే ఇంకేం చెప్పాలి. నిమ్మరసం నీళ్ళతోనో, జామపండు తిన్నాకనో వేసుకుంటే బాగా పడుతుంది. క్యాల్షియం మాత్ర దాంతో పాటు కాదు, రెండు గంటలు ఎడం ఉండాలి. 2017 నుంచి మాతృపూర్ణ కింద అంగన్‌వాడీలో మధ్యాహ్నం వేడి భోజనం పెడుతున్నారు, మనవాళ్ళు ‘మనకేం కర్మ’ అని పోరు. పోతే తప్పేం కాదు. ఇంక సీమంతానికి వచ్చేవాళ్ళు డబ్బీ బదులు ఒక మాట అడగండి: ‘రక్తం ఎంతుందమ్మా ఇప్పుడు?’

చివరగా పెద్దనాయనా, ఇది మీకే. మీరు ఆ క్యాప్సూల్ రోజూ ఒకటి, చూపుకు మంచిదని వేసుకుంటున్నారని పెద్దమ్మ చెప్పింది. రెండేళ్ళ కింద స్టెంటు వేసినాక రక్తం పలచబడేదానికి మాత్ర వాడుతున్నారు, బీపీది ఎప్పటినుంచో ఉంది. వచ్చే వారం చూపించుకోవడానికి పోయినప్పుడు ఆ డబ్బా కూడా సంచిలో వేసుకొని పోండి, డాక్టరుకు చూపించండి. ఆయన వాడుకోమంటే ఆ మాట నేనే ఇక్కడ రాస్తా. అంతవరకూ దయచేసి ఆపండి. మీ కోసం రాస్తున్నానని తెలుసు కదా. ఇంకా రాయాల్సినవి మీ దగ్గర చాలా ఉన్నాయి, కదిరి నుంచి మనవాళ్ళు బండ్లు కట్టుకొని వచ్చిన కథ సగంలోనే ఆపినారు.